సోరియాసిస్ క్యాన్సర్‌గా మారుతుందా?

అందరికీ నమస్కారం.

అసలు విషయం ముందే చెప్పేస్తాను. మోచేతి మీదో, మోకాలి మీదో పొలుసులు రాలే ఆ మచ్చ క్యాన్సర్‌గా మారదు. చర్మకణాలు పుట్టి, పైకొచ్చి రాలిపోవడానికి మామూలుగా నెల పడుతుంది. సోరియాసిస్‌లో అది కొద్ది రోజుల్లోనే జరిగిపోతుంది. ఎంత వేగంగా పెరిగినా అవి క్యాన్సర్ కణాలు కావు.

మరి క్యాన్సర్ ముప్పు ఉందని వచ్చే వార్తలు? అవీ అబద్ధం కాదు. 58 అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష 2019లో వచ్చింది. సోరియాసిస్ లేనివాళ్లతో పోలిస్తే, తీవ్రమైన సోరియాసిస్ ఉన్నవాళ్లలో క్యాన్సర్ ముప్పు సుమారు 22 శాతం ఎక్కువని అందులో తేలింది. ఈ అంకె చూసి ఎంతోమంది హడలిపోతున్నారు, అది నాకు బాధగా ఉంటుంది. వందలో 22 మందికి క్యాన్సర్ వస్తుందని కాదు దీనర్థం. వెయ్యి మందిలో 10 మందికి వచ్చే చోట సుమారు 12 మందికి వస్తుందని.

ఆ ఇద్దరూ ఎందుకు పెరిగారు? ఏళ్ల తరబడి ఒంట్లో ఉండే ఇన్‌ఫ్లమేషన్ (లోపలి వాపు) ఒక కారణం కావచ్చు. పొగతాగడం, మద్యం, అధిక బరువు కూడా సోరియాసిస్ ఉన్నవాళ్లలో ఎక్కువ. క్యాన్సర్‌కూ దారితీసేవి ఇవే. దేని వాటా ఎంతో విడదీయడం కష్టం, కానీ మన చేతిలో ఉన్నవి మాత్రం ఈ మూడే.

ఇక చికిత్సల సంగతి. 1970లలో పూవా వచ్చింది: చర్మం కాంతికి ఎక్కువగా స్పందించేలా చేసే సోరాలెన్ మాత్ర వేసుకుని, అతినీలలోహిత కాంతి పెట్టెలో నిలబడాలి. మచ్చలు బాగా తగ్గేవి. అయితే అమెరికాలో 1,380 మంది రోగులను ఏళ్ల తరబడి గమనిస్తే, కాంతి మోతాదు పెరిగేకొద్దీ స్క్వామస్ సెల్ అనే చర్మ క్యాన్సర్ పెరిగింది. మగవాళ్లలో జననాంగాల మీద కూడా కనిపించింది. అందుకే ఇప్పుడు పెట్టెలోకి వెళ్లేముందు ఆ భాగం కప్పుకోమంటారు, కళ్లద్దాలు పెడతారు. ఈ రోజుల్లో ఎక్కువగా ఇచ్చే మరో రకం కాంతి చికిత్స నారోబ్యాండ్ యూవీబీలో ఇలాంటి పెరుగుదల ఇంతవరకూ స్పష్టంగా కనిపించలేదు. రోగనిరోధక వ్యవస్థలో కొన్ని భాగాలను మాత్రమే అడ్డుకునే బయోలాజిక్ ఇంజెక్షన్ల వల్ల ముప్పు పెరిగినట్టు ఆ 2019 సమీక్షలోనూ తేలలేదు. దయచేసి భయపడి మీ అంతట మీరు మందులు ఆపేయకండి.

ఒక్క విషయంలో మాత్రం పట్టుబట్టండి. పిరుదుల మీదో, తొడల మీదో ఒక మచ్చ ఎన్ని ఆయింట్‌మెంట్లు రాసినా మొండికేస్తుంటే బయాప్సీ (చిన్న చర్మం ముక్క తీసి పరీక్షించడం) చేయమని అడగండి. చర్మంలో వచ్చే ఒక రకం లింఫోమా (తెల్ల రక్తకణాల క్యాన్సర్) మొదట్లో అచ్చం సోరియాసిస్‌లాగే ఉంటుంది. అరుదైనదే, కానీ దాని చికిత్స వేరు. డాక్టర్ మారినప్పుడు గతంలో ఎన్నిసార్లు లైట్ థెరపీ తీసుకున్నారో, ఏయే మందులు వాడారో రాసుకెళ్లి చూపించండి. ఎవరిని ఎంత తరచుగా పరీక్షించాలో డాక్టర్లు నిర్ణయించేది దాన్నిబట్టే.