పసివాడి జబ్బుకి పూర్వజన్మ పాపం కారణమా?

[తెర మీద: ఆర్కే బీచ్, పొద్దున్నే. యాంకర్ నడుస్తూ మాట్లాడాలి.]

నమస్కారం. పిల్లల వార్డు బయట ఎప్పుడైనా కాసేపు కూర్చున్నారా? విశాఖలో ఏ పెద్దాసుపత్రికి వెళ్ళినా ఒక మాట చెవిన పడుతుంది. శ్రీకాకుళం నుంచో పాడేరు నుంచో బిడ్డను తెచ్చుకున్న తల్లి బెంచీ మీద కూర్చుని ఉంటుంది. చూడ్డానికి వచ్చిన పెద్దావిడ ఫ్లాస్కు మూత తిప్పుతూ, జాలిగానే, "ఏ జన్మలో ఏం చేశాడో తల్లీ, అనుభవించక తప్పుద్దా" అంటుంది. ఆవిడ మనసులో ఏ చెడూ లేదు. కానీ ఆ తల్లికి అప్పటికే ఉన్న టెన్షన్ చాలదన్నట్టు, ఇప్పుడు బిడ్డ మీద నేరం కూడా పడింది.

మన శాస్త్రాలు నిజంగా అలా అనమన్నాయా? ఇవాళ అదే చూద్దాం.

[గ్రాఫిక్: సంచితం – ప్రారబ్ధం – ఆగామి]

ముందు లెక్క ఏమిటో తెలుసుకోవాలి. వేదాంతంలో కర్మ మూడు రకాలు. అన్ని జన్మల నుంచీ పోగుపడినది సంచితం. అందులోంచి ఈ జన్మలో అనుభవానికి వచ్చిన భాగం ప్రారబ్ధం. ఇప్పుడు చేస్తున్నవాటితో ఇకముందు వచ్చేది ఆగామి. పెద్దలు దీన్ని విల్లంబులతో పోలుస్తారు. పొదిలో ఉన్న బాణాలు సంచితం, వదిలేసిన బాణం ప్రారబ్ధం, చేతిలో ఉన్నది ఆగామి. జ్ఞానం కలిగితే పొది కాలిపోతుంది, కానీ వదిలేసిన బాణం మాత్రం దాని దూరం అది వెళ్ళాకే ఆగుతుందంటారు అద్వైతులు. అందుకే జ్ఞానికి కూడా జ్వరాలొస్తాయి.

మనం రోజూ "అంతా ప్రారబ్ధం" అంటున్నామంటే ఆ ఒక్క బాణం గురించే మాట్లాడుతున్నాం. చేతిలో ఉన్న దాన్ని మర్చిపోతాం.

ఈ ఆలోచన ఎంత పాతదంటే, బృహదారణ్యక ఉపనిషత్తులోనే ఉంది. జనకుడి సభలో ఆర్తభాగుడు యాజ్ఞవల్క్యుణ్ణి అడుగుతాడు: మనిషి పోయాక వాక్కు అగ్నిలో, ప్రాణం గాలిలో కలిసిపోతే, ఇక అతను ఎక్కడుంటాడు? యాజ్ఞవల్క్యుడు అందరి ముందూ జవాబు చెప్పడు. చెయ్యి పట్టుకుని, ఇది జనం మధ్య మాట్లాడుకునేది కాదంటూ పక్కకి తీసుకెళతాడు. వాళ్ళు మాట్లాడుకున్నది కర్మ గురించే. పుణ్యం చేస్తే పుణ్యాత్ముడు, పాపం చేస్తే పాపాత్ముడు అవుతాడని తేల్చారు. పక్కకెళ్ళి మాట్లాడుకున్నారన్నది నాకు భలే నచ్చుతుంది. మనం ఆసుపత్రి వరండాలో గట్టిగా అనేస్తాం.

[తెర మీద: బొమ్మలు. చెట్టు కింద చేతులు పైకెత్తి తపస్సు చేస్తున్న ముని.]

ఇప్పుడు అసలు కథ. మహాభారతం ఆదిపర్వంలో ఉంది.

మాండవ్యుడు మౌనవ్రతంలో తపస్సు చేసుకుంటున్నాడు. దొంగలు సొమ్ము తెచ్చి ఆయన ఆశ్రమంలో దాచి, తామూ దాక్కున్నారు. రాజభటులు వచ్చి అడిగితే ముని నోరు మెదపలేదు. సొమ్ము దొరికింది, దొంగలూ దొరికారు. ఈయన కూడా వాళ్ళలో ఒకడే అనుకుని రాజు కొరత వేయించాడు. శూలం మీద ఉన్నా ప్రాణం పోలేదు. తర్వాత రాజుకి నిజం తెలిసి కాళ్ళ మీద పడ్డాడు. శూలం ఒంట్లోంచి రాకపోతే కోయించేశాడు. లోపల ముక్క అలాగే ఉండిపోయింది. అణి అంటే ఆ శూలం మొన. దాంతోనే తిరిగాడు కనుక అణిమాండవ్యుడయ్యాడు.

ఆయన ఊరుకోలేదు. నేరుగా యమధర్మరాజు దగ్గరికి వెళ్ళి, నేను చేసిన పాపమేంటో చెప్పు అన్నాడు. చిన్నప్పుడు పురుగుల తోకల్లో గడ్డిపుల్లలు గుచ్చావు, దాని ఫలం ఇది అన్నాడు యముడు. మన పిల్లలు తూనీగ తోకకి దారం కట్టి ఆడతారే, ఇంచుమించు ఆ బాపతే.

మామూలుగా అయితే కథ ఇక్కడితో అయిపోవాలి. "చూశారా, చిన్న పాపమైనా వదలదు" అని చెప్పి ముగించేయొచ్చు. చాలామంది చెప్పేది కూడా ఇక్కడిదాకానే. కానీ వ్యాసుడు ఆపలేదు. తెలియని వయసులో చేసిన చిన్న తప్పుకి ఇంత శిక్షా అని మాండవ్యుడు మండిపడ్డాడు. నువ్వు మనిషిగా, దాసీ కడుపున పుట్టు అని యముణ్ణే శపించాడు. విదురుడు అలా పుట్టినవాడే. దాంతోపాటు ఒక కట్టుబాటు కూడా పెట్టాడు: 14 ఏళ్ళ లోపు పిల్లలు చేసినది పాపం కింద రాదు. కర్మఫలం ఇచ్చేవాడికే ఒక బాధితుడు రూలు మార్చి చెప్పాడన్నమాట!

ఇది ఈ జన్మలో చేసినవాటి సంగతి కదా, పూర్వజన్మ మాటేమిటి అని మీరడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. దానికి అనుశాసనపర్వంలోకి వెళ్ళాలి.

గౌతమి అనే ముసలావిడ కొడుకుని పాము కరిచి చంపింది. ఒక వేటగాడు ఆ పాముని పట్టి తెచ్చి, దీన్ని ఎలా చంపమంటావు అన్నాడు. నన్ను మృత్యువు పంపింది అంది పాము. నన్ను కాలం పంపింది అన్నాడు మృత్యువు. చివరికి కాలుడు వచ్చి, మేమెవరం కారణం కాదు, ఆ పిల్లవాడి కర్మే కారణం అన్నాడు. అవును, ఆ మాట మహాభారతంలో ఉంది, దాచాల్సిన పనిలేదు. కానీ దాన్ని విని గౌతమి ఏం చేసిందో చూడండి. వాడి కర్మతో వాడు పోయాడు, నా కర్మతో నాకీ శోకం వచ్చింది, పాముని వదిలెయ్ అంది. బిడ్డను పోగొట్టుకున్న మనిషి, పగ వదులుకోవడానికి ఆ మాట వాడుకుంది. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఆవిడతో అన్న మాట కాదది.

[తెర మీద: సింహాచలం, తొలి పావంచా. గిరి ప్రదక్షిణ జనం.]

ఇక మన సింహాచలం అప్పన్న దగ్గరికి వద్దాం. ఆషాఢ పౌర్ణమి ముందురోజు తొలి పావంచా, అంటే కొండ కింది మొదటి మెట్టు దగ్గర కొబ్బరికాయ కొట్టి, హనుమంతవాక, ఎన్ఏడీ, గోపాలపట్నం మీదుగా సుమారు 32 కిలోమీటర్లు నడుస్తాం. స్వామి వరాహమూ నరసింహమూ కలిసిన రూపం. వరాహంగా హిరణ్యాక్షుణ్ణి, నరసింహుడిగా హిరణ్యకశిపుణ్ణి చంపాడు. ఈ అన్నదమ్ములు ఎవరు? వైకుంఠ ద్వారపాలకులు జయవిజయులు. సనకాది మునుల్ని గుమ్మం దగ్గర ఆపినందుకు శాపం తగిలింది. ఆ తర్వాత రావణ కుంభకర్ణులుగా, శిశుపాల దంతవక్త్రులుగా పుట్టి, మూడుసార్లూ ఆయన చేతిలోనే పోయి తిరిగి వైకుంఠం చేరారు. అంటే రాక్షసజన్మ చూసి కూడా, వెనక ఏముందో మనం ఊహించలేం.

పూర్వజన్మ నుంచి పాపమే వస్తుందనీ లేదు. గీత ఆరో అధ్యాయంలో, సాధన మధ్యలో ఆగిపోయినవాడి గతేంటని అర్జునుడు అడిగితే, మంచి ఇంట్లో పుట్టి ఆపిన చోటి నుంచే మొదలుపెడతాడన్నాడు కృష్ణుడు.

[తెర మీద: మళ్ళీ బీచ్. నువ్వులు, దర్భలు, రాగి చెంబు క్లోజప్.]

చివరగా, మా ప్రతి వీడియో కిందా ఎవరో ఒకరు అడిగే ప్రశ్న. తాతగారు ఈపాటికి ఎక్కడో పుట్టేసి ఉంటే, మనం పెట్టే పిండం ఎవరికి చేరుతుంది? పురాణాలు దీనికి జవాబిచ్చాయి. తండ్రి, తాత, ముత్తాతలకి వసువులు, రుద్రులు, ఆదిత్యులు అనే దేవతలు వరసగా ప్రతినిధులు. మనం పెట్టినది వాళ్ళ ద్వారా, పితరులు ఏ జన్మలో ఉంటే దానికి తగ్గట్టు చేరుతుంది. దేవతలైతే అమృతంగా, పశువులైతే గడ్డిగా. ఈసారి మహాలయ పక్షాల్లో తర్పణానికి వెళితే, పంతులుగారు "వసురూపం, రుద్రరూపం, ఆదిత్యరూపం" అనేది వినండి.

వచ్చే వీడియో బావికొండ మీద తీస్తున్నాం. అక్కడుండిన బౌద్ధ భిక్షువులు కర్మనీ, మళ్ళీ పుట్టడాన్నీ ఒప్పుకున్నారు, ఆత్మని మాత్రం ఒప్పుకోలేదు. మరి పుట్టేది ఎవరు? అక్కడ మాట్లాడుకుందాం.