వరికొయ్యలకు నిప్పు వద్దు, బూజుకు పని చెబుదాం

సభకు నమస్కారం. రైతు సోదరులకు, అక్కచెల్లెళ్లకు, వ్యవసాయ కళాశాల విద్యార్థులకు వందనాలు.

శిలీంద్రాలు, అంటే బూజులు, పుట్టగొడుగుల జాతి, పర్యావరణానికి ఎలా పనికొస్తాయో చెప్పమన్నారు. ఈ మాట అనగానే పేపర్లో చదివిన ప్లాస్టిక్ తినే బూజు గుర్తొస్తుంది. ఈక్వడార్ అడవుల్లో యేల్ విశ్వవిద్యాలయ విద్యార్థులు సేకరించిన ఒక శిలీంద్రం పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్‌ను అరిగించుకోగలదని 2011లో ప్రకటించారు. గొప్ప సంగతే. కానీ ల్యాబులో జరిగింది డంపింగ్ యార్డులో జరగాలంటే చాలా కాలం పడుతుంది. అంతవరకూ ఆగక్కర్లేని పని ఒకటి మన పొలాల్లోనే ఉంది. అదే వరిగడ్డి.

వానాకాలం వరి హార్వెస్టర్‌తో కోయించాక పొలం నిండా కొయ్యలు, గడ్డి మిగులుతాయి. యాసంగి నాట్లకు టైం ఉండదు. దున్నుదామంటే గడ్డి అడ్డం పడుతుంది, ఎత్తించాలంటే కూలి ఖర్చు. ఆ టెన్షన్‌లో అగ్గిపుల్ల గీసే రైతును నేను నిందించను. కానీ ఆ పొగలో పోయేది గడ్డి ఒక్కటే కాదు. అందులోని నత్రజని, గంధకం, నేలకు చేరాల్సిన కర్బనం కూడా గాలిలో కలిసిపోతాయి.

గడ్డి త్వరగా ఎందుకు కుళ్లదు? అందులో లిగ్నిన్ అనే గట్టి పదార్థం ఉంటుంది. చాలా సూక్ష్మజీవులు దాని జోలికి పోలేవు. చెక్కను తెల్లగా కుళ్లబెట్టే తెల్లకుళ్లు శిలీంద్రాలు మాత్రం దాన్ని విరగ్గొడతాయి. శిలీంద్రానికి నోరు లేదు, పొట్ట లేదు. తిండిని విడగొట్టే ఎంజైములనే పదార్థాలను ఒంటి బయటకు వదిలి, తిండిని అక్కడే అరిగించి, కరిగినదాన్ని పీల్చుకుంటుంది. లిగ్నిన్‌ను విరిచే ఎంజైమును 1983లో గుర్తించారు. అది ఒక్క తాళానికే సరిపోయే చెవి లాంటిది కాదు, ఏ తలుపునైనా పెకలించే గునపం. అందుకే ఆ ఎంజైమును వదిలే తెల్లకుళ్లు శిలీంద్రం డీడీటీ పురుగుమందు లాంటి మొండి విషాలను కూడా విడగొట్టగలదని 1985లో శాస్త్రవేత్తలు చూపించారు.

ఈ శక్తిని కళ్లారా చూడాలంటే ముత్యపుచిప్ప పుట్టగొడుగులు పెంచి చూడండి. వరిగడ్డిని రెండు మూడంగుళాల ముక్కలుగా కోసి, నానబెట్టి, వేడినీళ్లలో ఉడకబెట్టి, నీడలో ఆరబెట్టాలి. గుప్పిట్లో పిండితే నీటిచుక్క కారకూడదు, చెయ్యి మాత్రం తడవాలి. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. తడి ఎక్కువైతే పచ్చబూజు పట్టి సంచి మొత్తం పోతుంది. పాలిథిన్ సంచిలో ఒక వరస గడ్డి, ఒక వరస పుట్టగొడుగుల విత్తనం (స్పాన్) వేసి, చిల్లులు పెట్టి చీకటి గదిలో ఉంచితే, రెండు మూడు వారాల్లో గడ్డంతా తెల్లటి దారాలతో అల్లుకుని దిమ్మలా గట్టిపడుతుంది. తర్వాత వెలుతురు, గాలి తగలనిచ్చి తడి చూసుకుంటే పుట్టగొడుగులు వస్తాయి. బాగా చూసుకుంటే కిలో ఎండుగడ్డికి అరకిలోకు పైగానే దిగుబడి ఉంటుంది. మిగిలిన గడ్డి అప్పటికే సగం అరిగి ఉంటుంది కాబట్టి కంపోస్టు త్వరగా తయారవుతుంది.

ఎకరాలకు ఎకరాల గడ్డిని సంచుల్లో నింపలేం, నిజమే. పొలంలోనే కుళ్లబెట్టడానికి ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ కొన్ని శిలీంద్రాలతో పూసా డీకంపోజర్ తయారుచేసింది. బెల్లం నీళ్లు, శనగపిండిలో పెంచి కొయ్యల మీద చల్లుతారు. 2020లో ఢిల్లీ పొలాల్లో పెద్ద ఎత్తున వాడారు. అయితే దానికి సుమారు మూడు వారాల గడువు కావాలి, నేలలో తడి ఉండాలి. పొడినేల మీద చల్లి ఫలితం లేదంటే ఆ తప్పు శిలీంద్రానిది కాదు. నీళ్లు పెట్టి, ఎకరానికి 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ ఎరువు చల్లి కలియదున్నితే కుళ్లడం ఇంకా వేగమవుతుంది.

గడువు దొరకని రైతులకు ఉపన్యాసాలు సరిపోవు. గడ్డిని కట్టలు కట్టే బేలర్లు ప్రతి మండలంలో కోతల సమయానికి అద్దెకు దొరకాలి. పుట్టగొడుగుల విత్తనం కోసం జిల్లా దాటి వెళ్లే అవస్థ మహిళా సంఘాలకు తప్పాలి. ఈ రెండూ అధికారుల చేతుల్లో ఉన్న పనులు. వచ్చే కోతల్లోపే జరగాలని ఈ వేదిక మీది నుంచే కోరుతున్నాను.