కన్వర్టర్ బాగుంది, కానీ ఆ ఒక్క బటన్ ఏంటండీ బాబూ! | తెలుగు సీఎస్వీ గజిబిజి

హాయ్ అండీ, బాగున్నారా? ముందే చెప్పేస్తున్నా, ఫైలు ఎన్‌కోడింగ్ (అంటే అక్షరాల్ని కంప్యూటర్ అంకెలుగా దాచే పద్ధతి) మార్చే ఈ టెక్స్ట్ కన్వర్టర్ ఏడాది లైసెన్సు వాళ్లే నాకు ఊరికే ఇచ్చారు. పేరు, ధర, ఏయే ఎన్‌కోడింగులు చదువుతుందో అదంతా కింద డిస్క్రిప్షన్‌లో ఉంది, చాలామంది చూసే వచ్చుంటారు. నేను దాని ప్రివ్యూ, అంటే మార్చేముందు ఎలా ఉంటుందో చూపించే భాగం, ఇంకా ఆ 'కన్వర్ట్' బటన్ గురించే మాట్లాడతా.

ఇదిగో, తెలుగు పేర్లున్న సీఎస్వీ ఫైలు, అంటే కామాలతో విడగొట్టిన మామూలు టెక్స్ట్ పట్టిక. అన్ని భాషలకీ పనికొచ్చే యూనికోడ్ ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8లో ఉంది, కానీ ఆ సంగతి చెప్పే బీఓఎం అనే గుర్తు ముందు లేదు. డబుల్ క్లిక్ కొట్టి ఎక్సెల్‌లో తెరిచా. చూశారా? నెత్తిన గీత పెట్టుకున్న ఇంగ్లిష్ 'ఎ', పక్కన డిగ్రీ గుర్తు. మళ్లీ అదే 'ఎ', ఈసారి ప్లస్-మైనస్ గుర్తు. కిందిదాకా ఇదే వరస. ఈ వాలకం గుర్తుపెట్టుకోండి. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు (గుణింతం, పొల్లు కూడా విడి గుర్తులే) ఒక్కోదానికి మూడేసి బైట్లు. మొదటి బైటు కోడ్ ఎప్పుడూ ఈ0, రెండోదానిది బీ0 లేదా బీ1. వాటిని ఇంగ్లిష్, యూరప్ భాషల పాత ఎన్‌కోడింగ్ విండోస్-1252 అనుకుని చదివితే ఒక్కో బైటూ ఒక్కో అక్షరమైపోతుంది: ఈ0 ఆ 'ఎ'గా, బీ0 డిగ్రీగా, బీ1 ప్లస్-మైనస్‌గా. 'తెలుగు' అన్న చిన్న మాటే 18 బైట్లు మరి! ఫైలుకేం కాలేదండీ, చదవడమే తప్పు.

ఫైలు నిజంగా పోయేది సేవ్ కొట్టినప్పుడు. మా చెల్లి పెళ్లికి శుభలేఖల లిస్టు మా తమ్ముడు స్ప్రెడ్‌షీట్‌లో చక్కగా తెలుగులోనే కొట్టాడు. లేబుళ్ల ప్రోగ్రామ్ కోసం మామూలు సీఎస్వీగా (అందులో తెలుగుకి చోటుండదు) సేవ్ చేసి మూసేశాడు. ప్రింటు తీస్తే పేర్లన్నీ ప్రశ్న గుర్తులే! ఒక్కో తెలుగు గుర్తుకీ ఒక్కోటి పడింది కాబట్టి, ఏడుంటే అత్తయ్య అని లెక్కపెట్టుకున్నాం. ఆరు దగ్గర బుక్కయిపోయాం. మామయ్యా ఆరే, బాబాయీ ఆరే, పిన్నీ ఆరే. ప్రశ్న గుర్తు పడిందంటే అక్కడ అసలు అక్షరమే మిగల్లేదు, ఏ కన్వర్టరూ వెనక్కి తేలేదు.

అందుకే నాకు ప్రివ్యూ అంటే అంత పిచ్చి. లిబ్రేఆఫీస్ కాల్క్‌లో సీఎస్వీ తెరిస్తే క్యారెక్టర్ సెట్ (అంటే ఎన్‌కోడింగే) మార్చుకుంటూ కింద ఎలా ఉంటుందో చూసుకోవచ్చు, అదీ ఉచితంగా. నేను దాంతోనే నెట్టుకొచ్చా. ఈ కన్వర్టరైతే ఐదు ఎన్‌కోడింగుల్లో ఒకేసారి, ఐదు వరుసల్లో చూపిస్తుంది. తెలుగు ఎక్కడుందో కన్నే పట్టేస్తుంది. అబ్బ, ఎంత హాయో!

యూనికోడ్ కాని పాత అను తెలుగు ఫాంటులో కొట్టిన ఫైలు మాత్రం ఇస్తే ఐదింట్లోనూ చెత్తే. దాని తప్పు కాదులెండి. అందులో తెలుగు ఫాంటు బొమ్మల్లోనే ఉంటుంది, ఎన్‌కోడింగ్ మారిస్తే రాదు. దానికి అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్ వేరే కావాలి.

ఇంతా చేసి, 'కన్వర్ట్' నొక్కితే ఏం చేస్తుందో తెలుసా? మీ ఒరిజినల్ ఫైలు మీదే రాసేస్తుంది! అడగదు, కాపీ పెట్టదు. అది మార్చుకునే సెట్టింగు ఎక్కడో లోపల దాచారు, అప్‌డేట్ వచ్చినప్పుడల్లా మళ్లీ మొదటికే వస్తోంది. నేను ఎంపిక తప్పితే ఫైలు గోవిందా. శుభలేఖలు చూసినవాణ్ణి, నేనెలా ఊరుకుంటానండీ?

ఫ్రీగా ఇచ్చినా సరే, డబ్బు పెట్టి కొనమని ఇప్పుడైతే చెప్పను. ఎక్సెల్ ఉన్నవాళ్లు డబుల్ క్లిక్ మానేసి, డేటా ట్యాబ్‌లో 'ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్వీ' నొక్కి, ఫైల్ ఆరిజిన్‌లో 65001 (అంటే యూటీఎఫ్-8) పెట్టుకోండి. సేవ్ చేసేటప్పుడు 'సీఎస్వీ యూటీఎఫ్-8' ఎంచుకోండి. వాళ్లు ఆ బటన్ బాగుచేస్తే మళ్లీ వీడియో చేస్తా. అప్పటిదాకా నేను కాపీ తీసుకున్నాకే దీనికి ఫైలు అప్పగిస్తున్నా.