మోకాలి ముందు కర్ర పెట్టకండి

(వ్యాయామశాల వార్షికోత్సవ సభలో ఒక రిటైర్డ్ డ్రిల్లు మాస్టారి ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు నమస్కారం. శాలువాలు చివర్లో పెట్టుకోండి, ప్రెసిడెంటు గారూ. ‘యువత, ఆరోగ్యం’ మీద మాట్లాడమన్నారు. నేను మోకాళ్ల గురించే మాట్లాడతాను. బస్కీ తీసేటప్పుడు, అంటే స్క్వాట్ చేసేటప్పుడు, మోకాలు కాలివేళ్లు దాటకూడదని చాలామంది ట్రైనర్లు అంటారు కదా, ఆ మాట గురించి.

మా స్కూల్లో ఒక పిల్ల ఉండేది. మనిషి మరీ పొడుగు కాదు గానీ తొడలు పొడుగు, మొండెం పొట్టి. బస్కీలు శుభ్రంగా తీసేది. క్యాంపుకు పంపితే అక్కడి కోచ్ ఆమె కాలివేళ్ల ముందు కర్ర నిలబెట్టి, మోకాలు తగిలితే ఒప్పుకోనన్నాడట. తగలకుండా కూర్చోబోతే వెనక్కి పడిపోయేది. పడకూడదంటే బాగా ముందుకు వంగాలి. వంగితే ‘ఎందుకు వంగుతున్నావ్’ అని తిట్లు! ఆ పిల్ల ఏం చెయ్యాలండీ? మీరే చెప్పండి. నడుం నొప్పితో ఇంటికొచ్చింది. మళ్లీ బరువులెత్తే బార్ ముట్టుకోలేదు.

అసలు సంగతి ఇంతే. బరువు పాదం మధ్యభాగానికి సరిగ్గా పైన ఉండాలి. తొడ పొడుగైతే తుంటి ఎక్కువ వెనక్కి పోతుంది. అప్పుడు మోకాలైనా ముందుకు రావాలి, ఒళ్లైనా ముందుకు వంగాలి. రెండూ వద్దంటే కుదరదు. పొట్టి తొడలవాడు నిటారుగా కూర్చుంటే అందులో వాడి గొప్పేం లేదు, పుట్టుకతో వచ్చిన ఎముక అది.

2003లో ఫ్రై, స్మిత్, షిల్లింగ్ అనే పరిశోధకులు ఏడుగురు మగవాళ్ల చేత బార్‌తో స్క్వాట్ చేయించారు. ఒకసారి మామూలుగా, ఒకసారి మోకాళ్ల ముందు పలక అడ్డం పెట్టి. పలక పెడితే మోకాలి మీద టార్క్, అంటే కీలును తిప్పే బలం, 150 న్యూటన్ మీటర్ల నుంచి 117కి తగ్గింది. సంతోషం. మరి తుంటి మీద? 28 నుంచి 303కి పెరిగింది! ఆ పిల్ల నడుం నొప్పి నాకు ఇక్కడే గుర్తొస్తుంది.

మన శ్రీకాకుళం జిల్లా వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో, ఒక్క ఊపున తల మీదికి ఎత్తే స్నాచ్‌లో 110, ముందు భుజాల దాకా, తర్వాత తల మీదికి ఎత్తే క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. స్నాచ్‌లో లోతుగా కూర్చున్న ఏ లిఫ్టర్ ఫొటో అయినా చూడండి, మోకాళ్లు వేళ్లు దాటే ఉంటాయి. వాళ్ల ముందు కూడా కర్ర పెడతారా?

మోకాలు ఎంత ముందుకైనా పోవచ్చని నేననడం లేదు. మడమ లేవకూడదు. మోకాలు లోపలికి వాలకుండా వేళ్ల వైపే పోవాలి. ట్రైనర్ బాబులూ, చూస్తే ఇవి చూడండి. ఇప్పటికే మోకాలు నొప్పి ఉన్నవాళ్లు ముందు డాక్టరుకి చూపించుకోండి.

పొడుగు తొడలవాళ్లు పాదాలు కాస్త ఎడంగా పెట్టి, వేళ్లు బయటికి తిప్పండి. చీలమండ బిగుసుకుపోయి ఉంటే మడమల కింద సన్న పలక పెట్టుకోండి. లిఫ్టింగ్ బూట్ల మడమ ఎత్తుగా ఉండేది అందుకే. బరువు వీపు మీద కాకుండా ఛాతీ ముందు పట్టుకుంటే ఇంకా నిటారుగా కూర్చోవచ్చు. అయినా కొంత వంగుతారు. వంగనివ్వండి, వెన్ను గుండ్రం కాకపోతే చాలు.

ప్రెసిడెంటు గారు వాచీ చూస్తున్నారు. ఒక్క నిమిషం. వెనక నిలబడ్డ పొడుగు బాబూ, ఇలా స్టేజీ మీదికి రా. పక్కన ఆ పొట్టి అబ్బాయి కూడా రావాలి. ఇద్దరూ జనానికి పక్కవాటుగా నిలబడి, బస్కీ తీసినట్టు కూర్చోండి. ఎవరి మోకాలు ఎక్కడుందో చూద్దాం.