బెల్టుకు రేటు వేరే రాయించుకోండి

వేదిక మీది పెద్దలకు, లేబర్ కాంట్రాక్టర్లకు, మేస్త్రీలకు నమస్కారం. మార్చి 4 జాతీయ భద్రతా దినం కాబట్టి పొద్దున సైట్లలో ప్రతిజ్ఞలు అయ్యాయి, ఫ్లెక్సీలు కట్టారు. మంచిదే. నా తగాదా మీరు సంతకం పెట్టే వర్క్ ఆర్డరుతో.

అందులో సెంట్రింగుకు చదరపు అడుగుకు ఇంత, రాడ్ బెండింగుకు టన్నుకు ఇంత అని ఉంటుంది. భద్రత దగ్గరికొచ్చేసరికి ఒకటే ముక్క: ‘భద్రతా చర్యలన్నీ కాంట్రాక్టరు బాధ్యత.’ డబ్బు ఎక్కడ? తక్కువ రేటు వేసినవాడికే పని. కూలి కోస్తే మనిషి రేపు అడ్డా మీద ఇంకొకరి వెంట వెళ్లిపోతాడు. అందుకే కోత సేఫ్టీ బెల్టు మీద, రెయిలింగు మీద పడుతుంది. పెద్ద కాంట్రాక్టరు నుంచి మేస్త్రీకి, మేస్త్రీ నుంచి గుంపుకు పని చేతులు మారేసరికి ఆ మిగిలిందీ ఉండదు.

బెల్టులు కొన్నాం కదా అంటారు. ఎక్కడ తగిలించారో చెప్పండి! ఇక్కడ కాస్త ఆగాలి, ప్రాణాలు పోయేది ఇక్కడే. బెల్టు తాడు 1.8 మీటర్లు. పడే కుదుపును తగ్గించే షాక్ అబ్జార్బర్ విచ్చుకుంటే ఇంకో 1.75 దాకా. వీపు మీది రింగు నుంచి పాదం దాకా ఒకటిన్నర, కింద మీటరు ఖాళీ. హుక్కు కింద మొత్తం దాదాపు 6 మీటర్లు కావాలి. మొదటి స్లాబు 3 మీటర్ల ఎత్తున ఉంటుంది. దాని అంచున పాదాల దగ్గర హుక్కు వేస్తే తాడు బిగిసేలోపే కాళ్లు నేలకు తగులుతాయి. అంత తక్కువ ఎత్తులో బెల్టును నమ్మొద్దు, రెయిలింగు కట్టండి, కనీసం 90 సెంటీమీటర్ల ఎత్తున. పైకి వెళ్లాక ఒళ్లంతా పట్టే హార్నెస్, రెండు తాళ్లది. ఒక హుక్కు తీసేముందు రెండోది తగిలి ఉండాలి, అదీ తలకన్నా పైన. సెంట్రింగ్ జాకీకి, బైండింగ్ వైరుకు, వదులు పైపుకు తగిలిస్తే మనిషితోపాటు అదీ కిందికి వస్తుంది. ఒకసారి పడిన మనిషిని ఆపిన బెల్టు మళ్లీ వాడొద్దు.

ఇప్పుడు చెప్పండి, వీటిలో ఏది చదరపు అడుగు రేటులో ఇమిడిపోతుంది? రెయిలింగు మీటర్ల లెక్కన, హార్నెస్ సంఖ్య లెక్కన, హుక్కులు తగిలించే తాడు, అదే లైఫ్‌లైన్, మీటర్ల లెక్కన వేరే ఐటెములుగా రాయించుకోండి. ఇంజనీరు కొలిచి, పని సాగుతుండగా పెట్టే ప్రతి ఆర్ఏ బిల్లులో చెల్లించాలి. సైటులో అవి పెట్టకపోతే డబ్బు లేదు. హాంకాంగ్ ప్రభుత్వ పనుల్లో 1996 నుంచి ఇదే పద్ధతి. కాంట్రాక్టు విలువలో దాదాపు 2 శాతం ముందే పక్కన పెడతారు, ఆ సొమ్ము మీద రేట్ల పోటీ ఉండదు.

సెల్లార్ తవ్వేవాళ్లకు ఒక్క మాట. ఘనమీటరు మట్టి టన్నున్నర పైనే. లోతు 1.5 మీటర్లు దాటితే పక్కలను మెట్లుగా కోయాలి, లేదా దన్ను కట్టాలి. తీసిన మట్టి అంచుకు 1.5 మీటర్లు లేదా సగం లోతు, ఏది ఎక్కువైతే అంత దూరం పోయాలి. ఈ ఖర్చూ ఐటెమే.

నిర్మాణ కార్మికుల సంక్షేమ సెస్సు కట్టాం కదా అని మాత్రం అనొద్దు. ఆ 1 శాతం సంక్షేమ బోర్డుకు పోతుంది, దాంతో సైటులో రెయిలింగు రాదు.

వెనక నిలబడ్డ మేస్త్రీలూ, మీకూ ఇదే చెబుతున్నాను. వచ్చే కొటేషనులో భద్రత ఐటెముల ఎదుట రేటు గడి ఖాళీగా వదలండి, ఆ సొమ్ము ఎంతో పని ఇచ్చేవాళ్లనే ముందే ఖాయం చేయమనండి. ఒక్కరే అడిగితే పని పక్కవాడికి పోతుంది. అందుకే ఈ హాలు దాటేముందే, ఊళ్లో ఎవరు కొటేషను వేసినా ఇలాగే వేయాలని మాట అనుకోండి.