బాగా మాట్లాడేవాడికే పెద్దరికమా?

నమస్కారమండి, బరంపురం నుంచి మాట్లాడుతున్నాను. వీధి వినాయకుడి కమిటీ అయినా, అపార్ట్‌మెంట్ సంఘమైనా, పెద్దని ఎన్నుకునేటప్పుడు మనవాళ్ల మాట ఒకటే: "ఆయన్ని పెట్టండి, బాగా మాట్లాడతాడు." ఇది విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఇచ్చిన మాట చెల్లకుండా పోయిన రోజున ఏం చేస్తాడు? చూడాల్సింది అదండీ.

ఇక్కడ నాకు గుర్తొచ్చేది వి.వి.గిరి గారే. 1894లో ఈ ఊళ్లోనే పుట్టారని, రాష్ట్రపతి అయ్యారని మీకు తెలుసు. నేను చెప్పేది 1954 సంగతి. అప్పుడాయన కేంద్రంలో కార్మిక మంత్రి. గెలిచి వెళ్లింది మన పర్లాకిమిడిని ఆనుకునే ఉన్న పాతపట్నం నుంచి. బ్యాంకు ఉద్యోగుల జీతాల తగువులో ట్రిబ్యునల్ తీర్పు ఇచ్చింది. ప్రభుత్వం ఆ తీర్పును మార్చింది. గిరిగారు రాజీనామా చేశారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. "ఇది అందరూ కలిసి తీసుకున్న నిర్ణయం, నా చేతుల్లో ఏముంది?" అని ఆయన అనొచ్చు. "లోపలుండి పోరాడతాను" అనీ అనొచ్చు. మన కమిటీల్లో రోజూ వినే మాటలే కదా ఇవి! మరి ఎందుకు అనలేదు?

1928కి వెళ్దాం. బెంగాల్ నాగపూర్ రైల్వే, మన స్టేషన్ మీదుగా పోయే లైను కూడా అప్పుడు ఆ కంపెనీదే. ఉద్యోగాలు తీసేసిన కార్మికుల కోసం గిరిగారు అక్కడ సమ్మె నడిపారు. తగువు కోర్టుదాకా పోకుండా కార్మికులు, యాజమాన్యం ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలన్నది ఆయన పద్ధతి. అలా కూర్చోవాలంటే నమ్మకం ఉండాలి. చేతికొచ్చిన తీర్పునే మార్చేసిన చోట మంత్రిగా ఉండిపోతే, రేపు "రండి, మాట్లాడుకుందాం" అని ఆయన పిలిస్తే కార్మికుడు ఎందుకు వస్తాడు? అందుకే నా దృష్టిలో ఆ రాజీనామా కోపంతో చేసింది కాదు. తన పనికి పెట్టుబడి నమ్మకమే, దాన్ని కాపాడుకున్నారు.

1969లోనూ ఆయన పదవి వదిలారు, రాష్ట్రపతి ఎన్నికలో నిలబడటానికి. దాన్ని నేను ఈ లెక్కలో కలపను. పెద్ద పదవి కోసం చిన్న పదవి వదలడం వేరు.

అలాగని మీటింగు మీటింగుకీ "రాజీనామా చేస్తా" అని బెదిరించేవాళ్లని మెచ్చుకోకండి. అది బేరం.

టైం అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి గారు సవరల భాష నేర్చుకుని, సొంత డబ్బుతో వాళ్ల పిల్లలకి బడులు పెట్టారు. మీ వీధిలో ఒడియా ఇళ్లూ తెలుగు ఇళ్లూ ఉంటే పెద్దకి రెండు భాషలూ రావాలి. నోటీసు రెండింట్లోనూ అంటించాలి. చందాల లెక్క ఎవరూ అడక్కముందే గోడమీద ఉండాలి.

ఈసారి ఎన్నుకునేటప్పుడు ఉపన్యాసాలు పక్కన పెట్టండి. కిందటేడు డబ్బు తక్కువ పడినప్పుడు ఆ సంగతి ఇంటింటికీ వెళ్లి చెప్పింది ఎవరో అడగండి. ముందు ఆ పేరు రాయండి, తర్వాత మిగతా పేర్లు చూద్దాం.