ఎంజైమ్ కట్ చేయకపోతే సైటు పక్క అక్షరాలు చూడండి: ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: అనంతపురం స్టూడియో నుంచి నమస్కారం. డీఎన్‌ఏను ఒక నిర్దిష్ట అక్షరాల వరుస (సైటు) దగ్గర కట్ చేసే రెస్ట్రిక్షన్ ఎంజైములు, డీఎన్‌ఏ అక్షరాలకు మీథైల్ గుంపు తగిలే మీథైలేషన్ మీద మీ సందేహాలకు మాలిక్యులర్ బయాలజీ నిపుణురాలు జవాబు చెప్తారు. మొదటి కాల్ కడప నుంచి. చెప్పమ్మా.

శ్రోత: నమస్తే మేడమ్, ఎమ్మెస్సీ చదువుతున్నా. ప్లాస్మిడ్‌ను, అంటే బ్యాక్టీరియాలో పెంచే చిన్న గుండ్రటి డీఎన్‌ఏను, బామ్‌హెచ్-వన్, ఎక్స్‌బా-వన్ ఎంజైములు రెండూ వేసి కట్ చేస్తే అందులో పెట్టిన ముక్క (ఇన్సర్ట్) విడిగా పడటం లేదు. జెల్‌లో ఒకటే బ్యాండ్ వస్తాంది. ఎక్స్‌బా-వన్ ఒక్కటే వేస్తే కట్ చేయని ప్లాస్మిడ్ మాదిరే ఉంది. కొత్త ఎంజైమ్ తెప్పించినా అంతే.

నిపుణురాలు: ప్లాస్మిడ్ ఏ ఈ. కోలై బ్యాక్టీరియా రకంలో (స్ట్రెయిన్‌లో) పెంచినారు?

శ్రోత: డీహెచ్‌ఫైవ్-ఆల్ఫా.

నిపుణురాలు: సీక్వెన్స్ దగ్గరుంటే ఎక్స్‌బా-వన్ సైటు, టీసీటీఏజీఏ, దాని తర్వాతి రెండు అక్షరాలు చదవమ్మా.

శ్రోత: టీ, సీ.

నిపుణురాలు: దొరికింది. సైటు చివరి జీఏ, పక్కనున్న టీసీ కలిసి జీఏటీసీ అయింది. డీహెచ్‌ఫైవ్-ఆల్ఫాలో డామ్ మీథైలేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది జీఏటీసీ ఉన్న ప్రతిచోటా అడెనిన్‌కు మీథైల్ తగిలిస్తుంది. ఆ అడెనిన్ నీ సైటులోనిదే కాబట్టి ఎక్స్‌బా-వన్ ఆగిపోతోంది. సైటుకు ముందు జీఏ ఉన్నా ఇంతే. రాత్రంతా పెట్టినా లాభం లేదు. ఎంజైమ్ పెంచితే గ్లిసరాల్ 5 శాతం దాటుతుంది, అప్పుడు కొన్ని ఎంజైములు తమవి కాని చోట్ల కూడా కట్ చేస్తాయి.

శ్రోత: బామ్‌హెచ్-వన్ సైటులోనూ జీఏటీసీ ఉంది కదా మేడమ్, అది ఎట్ల కట్ చేస్తాంది?

నిపుణురాలు: బాగా పట్టినావు. జీజీఏటీసీసీ మీద కూడా మీథైల్ పడుతుంది, కానీ బామ్‌హెచ్-వన్‌కు అది అడ్డం కాదు. అదే బీసీఎల్-వన్, టీజీఏటీసీఏ సైటుది, పూర్తిగా ఆగిపోతుంది. అందుకే కొనేముందు కేటలాగ్‌లో డామ్, డీసీఎం (ఇదీ ఈ. కోలైలోని మరో మీథైలేజే) అని రాసిన గడులు చూసుకోవాలి.

శ్రోత: ఇప్పుడు ఏం చేయాల మేడమ్?

నిపుణురాలు: డామ్ లేని స్ట్రెయిన్లయిన జేఎం 110 లేదా ఈఆర్ 2925లోకి ప్లాస్మిడ్‌ను మార్చు. ఈఆర్ 2925కు క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్‌కు నిరోధకత ఉంది. నీ ప్లాస్మిడ్ మార్కర్ (దాన్ని గుర్తుపట్టే నిరోధకత) కూడా అదే అయితే జేఎం 110 తీసుకో. కానీ జేఎం 110లో డీఎన్‌ఏను ముక్కలు చేసే ఎండోన్యూక్లియేజ్ ఉంటుంది, అందుకని మినీప్రెప్‌లో, అంటే ప్లాస్మిడ్‌ను బయటకు తీసేటప్పుడు, అదనపు వాష్ వదలొద్దు. కాలనీలు తక్కువొస్తాయి. మీథైల్ నిండా ఉన్న ప్లాస్మిడ్ అక్కడ ఒకసారి రెట్టింపయ్యాక సగం మీథైల్‌తో మిగులుతుంది, అది మళ్లీ రెప్లికేట్ కావడం కష్టం. అందుకని కణాలన్నీ ప్లేట్ మీద పరుచు. మినీప్రెప్ వచ్చాక రెండు ట్యూబులు పెట్టు: ఒకదానిలో డీపీఎన్-వన్, రెండోదానిలో ఎంబో-వన్. మొదటిది మీథైల్ ఉన్న జీఏటీసీనే కట్ చేస్తుంది, రెండోది లేనిదాన్నే. రెండోది మాత్రమే కట్ చేస్తే నీ ప్రెప్ సరిగ్గా ఉన్నట్టు. ఆపైన 20 మైక్రోలీటర్లలో 1 మైక్రోగ్రామ్ డీఎన్‌ఏ, 2 మైక్రోలీటర్లు 10ఎక్స్ బఫర్, 1 మైక్రోలీటర్ ఎంజైమ్, మిగతాది నీళ్లు, 37 డిగ్రీల దగ్గర గంట. ఒక్క జాగ్రత్త: ప్లాస్మిడ్‌ను ఆ స్ట్రెయిన్‌లో దాచిపెట్టొద్దు. డామ్ లేకపోతే తప్పులు దిద్దే యంత్రాంగానికి ఏది పాత పోగో తెలియదు, మ్యుటేషన్లు పెరుగుతాయి.

వ్యాఖ్యాత: కర్నూలు నుంచి సార్ లైన్‌లో ఉన్నారు.

శ్రోత: సైట్-డైరెక్టెడ్ మ్యుటాజెనిసిస్, అంటే పీసీఆర్‌తో ప్లాస్మిడ్‌లో అనుకున్న చోట అక్షరాలు మార్చడం, చేస్తిమి మేడమ్. డీపీఎన్-వన్ వేసినా పాత ప్లాస్మిడ్ కాలనీలే ఎక్కువ వస్తాన్నాయి.

నిపుణురాలు: టెంప్లేట్, అంటే మీరు కాపీ తీసిన అసలు ప్లాస్మిడ్, యాడిది సార్? డామ్ లేని స్ట్రెయిన్ నుంచి వచ్చి ఉంటే డీపీఎన్-వన్‌కు కట్ చేయడానికి ఏమీ ఉండదు. పీసీఆర్ ఉత్పత్తిని టెంప్లేట్‌గా వాడినా అంతే, దానికి మీథైల్ ఉండదు. డీహెచ్‌ఫైవ్-ఆల్ఫాలో పెంచిన ప్లాస్మిడ్‌తో మళ్లీ చేయండి. 50 మైక్రోలీటర్ల పీసీఆర్‌కు 10 నుంచి 50 నానోగ్రాములు చాలు, డీపీఎన్-వన్ 1 మైక్రోలీటర్ వేసి 37 డిగ్రీల దగ్గర గంట.

వ్యాఖ్యాత: చివరి కాల్, మన అనంతపురమే.

శ్రోత: వేరుశనగ ఆకు డీఎన్‌ఏను హెచ్‌పీఏ-టూ సరిగ్గా కట్ చేయడం లేదు, ఎంఎస్‌పీ-వన్ మాత్రం చేస్తాంది. రెండిటికీ సైటు సీసీజీజీనే కదా?

నిపుణురాలు: సైటు ఒకటే. లోపలి సీ మీద మీథైల్ ఉంటే హెచ్‌పీఏ-టూ ఆగుతుంది, ఎంఎస్‌పీ-వన్ ఆగదు. బయటి సీ మీద ఉంటే రెండూ ఆగుతాయి. మొక్కల్లో రెండు చోట్లా మీథైల్ ఉంటుంది కాబట్టి ఎంఎస్‌పీ-వన్ కట్ చేయలేదంటే సైటే లేదని రాయకండి. ఈ డీఎన్‌ఏను నేరుగా క్లోన్ చేయాలంటే డీహెచ్‌ఫైవ్-ఆల్ఫా కాకుండా డీహెచ్‌టెన్-బీ వాడండి. మీథైల్ ఉన్న సైటోసిన్‌ను ముక్కలు చేసే ఎంసీఆర్ వ్యవస్థ అందులో తీసేసి ఉంటుంది.